జనరల్ మూడుసార్లు పడిపోయాడు

“పొద్దున్నే వేసుకొచ్చావా?”

ఫర్నిచర్ షోరూం మేనేజరు ఈ ప్రశ్న అడిగేసరికి జనరల్ ఇంకా నేల మీద వెల్లకిలా ఉన్నాడు. టోపీ దొర్లుకుంటూ పోయి కాళ్ళు తుడుచుకునే పట్టా మీద ఆగింది. చుట్టూ అరడజను మంది సేల్స్ వాళ్ళు, మంచం చూడ్డానికి వచ్చిన ఒక జంట. దెబ్బ తగిలిందా అని కాదు, నీళ్ళు కావాలా అని కాదు, వేసుకొచ్చావా. మేనేజరుకు ఇరవై తొమ్మిదేళ్ళు. నేల మీదున్నవాడికి యాభై ఐదు. జీతాల పట్టికలో కిందున్నవాళ్ళంతా వయసులోనూ చిన్నవాళ్ళేనని ఆ కుర్రవాడికి ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలోనో నేర్పి ఉంటారు.

“తాగలేదు సార్,” అన్నాడు జనరల్ లేచి కూర్చుంటూ.

“మరి మంచినీళ్ళు తాగి పడతారా ఎవరైనా?”

సేల్స్ వాళ్ళు నవ్వారు. మేనేజరు జోకుకు నవ్వడం అక్కడ ఉద్యోగ బాధ్యతల్లో ఒకటి.

కళ్ళు తెరిచిన మరుక్షణమే జనరల్‌కు అంతా తేటగా ఉంది. ఏ వారమో, ఎంత పొద్దెక్కిందో, తన ముఖానికి అంత దగ్గరగా ఉన్న బూట్లు ఎవరివో, అన్నీ తెలుస్తున్నాయి. తాగి పడ్డవాడు అలా లేవడు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. తాగి పడిన అనుభవం పుష్కలంగా ఉన్నవాడు మరి. అసలు చిక్కు అక్కడే. పద్నాలుగేళ్ళ కిందట, కూతురి బడి గేటు ముందున్న మురిక్కాలవలో, ఐదేళ్ళ కూతురు చూస్తుండగా పడ్డాడు. మర్నాటి నుంచి మానేశాడు. ఒట్లు వేయలేదు, దీక్షలు పట్టలేదు, ఎవరి ఫొటో ముందూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. మానేశాడంతే. ఈ లోకానికి అలాంటి మానేయడం ఆనదు. ఆర్భాటంగా పశ్చాత్తాపపడితే నమ్ముతుంది గానీ, నోరు మూసుకుని మారినవాడిని చచ్చేదాకా అనుమానిస్తుంది.

అతని పని తలుపు తీయడం. యజమాని ఎక్కడో పెద్ద హోటలు గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి ముచ్చటపడి వచ్చి, అలాంటి వేషమే కుట్టించాడు. ముదురెరుపు కోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, రొమ్ము మీద రెండు వరసల ఇత్తడి గుండీలు, గొంతు దాకా నిలబడి ముందు హుక్కుతో మూసుకునే కాలరు. ఏ దేశపు సైన్యంలోనూ లేని దుస్తులు. జనరల్ అన్న పేరు సేల్స్ అమ్మాయిలు పెట్టిందే. వెక్కిరింతగా మొదలై పేరుగా స్థిరపడిపోయింది. ఇంట్లో బావమరిది కూడా ‘జనరల్ బావా’ అనే పిలుస్తాడు. నాలుగంతస్తుల్లో నూట అరవై సోఫాలున్న ఆ భవనంలో అతను కూర్చోవడానికి ఒక్క స్టూలు లేదు. కూర్చున్న కాపలావాడిని చూస్తే కొనేవాడికి గౌరవం తగ్గుతుందట. సోఫాలు అమ్ముకునేవాళ్ళకు కూర్చోవడమంటే అంత చిన్నచూపు.

సలాముకు ఒక పద్ధతి ఉంది. మేనేజరు ఫోన్లో ఏదో వీడియో చూసి నేర్పినది. కార్లు కుడివైపు నుంచి వస్తాయి. ఒళ్ళు కదలకూడదు. మెడ ఒక్కటే కుడికి, పూర్తిగా, గడ్డం పైకెత్తి తిరగాలి. ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు కుడిచెయ్యి కణతకు, ఎడమచెయ్యి తలుపుకు. జనరల్ దీన్ని ఆరేళ్ళుగా రోజుకు రెండొందల సార్లు చేస్తున్నాడు. నిజం చెప్పుకోవాలంటే, ఇష్టంగానే చేస్తున్నాడు. ఆ వేషం మీద అతనికి మోజు. ఇత్తడి గుండీలు తనే తోముకుంటాడు, కాలరుకు తనే గంజి పెట్టుకుంటాడు. ఎవరు కట్టిన గంతలనైనా కొంతమంది తలపాగాల్లా చుట్టుకుంటారు. అతనూ ఆ కోవలోవాడే.

పడిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళి అతను చేసిన పని చూడండి. మందుల కొట్టుకు పోలేదు, డాక్టరు దగ్గరకు పోలేదు. కాలరుకు రెట్టింపు గంజి పెట్టాడు. తాగుబోతంటే లోకం కళ్ళకు కనబడే బొమ్మ ఏమిటి? వాలిపోయిన కాలరు, ఊడిన గుండీలు. కాబట్టి దానికి నేరుగా ఎదురు బొమ్మ తయారు చేయాలనుకున్నాడు. అతని భార్య వీధి చివర కుట్టుకొట్లో ప్యాంట్లు పొట్టి చేసే పని, నడుములు బిగించే పని చేస్తుంది. కోటు ఆమె ఒళ్ళో పడేసి, “హుక్కు ఓ అరంగుళం లోపలికి జరుపు. వదులుగా ఉంది,” అన్నాడు.

“వదులేంటండీ, ఈ ఆరేళ్ళలో మీ మెడ రెట్టింపైంది. ఇప్పటికే ఊపిరాడ్డం లేదేమో అన్నట్టుంటుంది.”

“జరపవే అంటే.”

జరిపింది. కోటు తిరిగిచ్చే వంకతో ముఖం దగ్గరకొచ్చి, తేలిగ్గా, ఎవరూ గమనించరన్నట్టు, గాలి పీల్చింది. పద్నాలుగేళ్ళ కిందట మానేసిన అలవాటు అది. అతను గమనించాడు.

“చూడు. బాగా చూడు. కావాలంటే నోరు తెరుస్తా.”

“నేనేమన్నానండీ ఇప్పుడు?”

“ఏమీ అనలేదు. అదే కదా బాధ.”

మర్నాటి నుంచి షోరూంలో ఇంకో తంతు మొదలైంది. మేనేజరు అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి కొన్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకు, తలుపులు తెరవకముందు, సిబ్బంది అంతా వరసగా నిలబడి ఉండగా, “ఊదు,” అంటాడు. జనరల్ ఊదుతాడు. సున్నా వస్తుంది. మేనేజరు దాన్ని రెండుసార్లు విదిలించి చూసి జేబులో పెట్టుకుంటాడు. పదిహేడు రోజులు, పదిహేడు సున్నాలు. ఇంత రుజువు దొరికినవాడు ఏం చేయాలి? సిగ్గుపడాలి. ఇతగాడు పద్దెనిమిదో రోజున, “చవక మిషన్ కొన్నట్టున్నాం,” అన్నాడు అకౌంటెంటుతో, అందరికీ వినబడేలా. తాను అనుకున్నదాన్ని ఒప్పుకోని యంత్రమే తప్పు గానీ, అనుకున్నది తప్పు కాదు.

అలా జనరల్‌కు రోజుకు రెండు పరీక్షలు. పొద్దున షోరూంలో ఊదడం, సాయంత్రం ఇంట్లో ఊదకుండానే వాసన చూపించుకోవడం. మొదటిది అతను లెక్కచేయలేదు. ఉద్యోగం పోయినా ఇంకో గుమ్మం దొరుకుతుంది. రెండోదే అతన్ని తినేసింది. భార్య పక్కనుంచి నడిచి వెళ్తే చాలు, ఒళ్ళు బిగుసుకునేది. పద్నాలుగేళ్ళ పాటు ఇటుక మీద ఇటుక పేర్చుకున్నది, తను చెయ్యని తప్పుకు కూలిపోవడం కళ్ళారా చూస్తున్నాడు.

రెండోసారి పడింది సెలవు రోజున, ఇంట్లో. పెరటి గోడకు తగిలించిన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. తల వెనక్కి వంచి, ఎడమచేత్తో గొంతు చర్మాన్ని బిగలాగి పట్టి, కుడి దవడ కింద కత్తి పెట్టాడు. అంతే. ఎవరో మీట నొక్కినట్టు చీకటి. చెంబు మోగిన చప్పుడుకు భార్య పరుగెత్తుకొచ్చింది. వంగింది. అలాంటి క్షణంలోనూ ఆమె చేసిన మొదటి పని వాసన చూడ్డం. సబ్బు నురగ వాసన తప్ప ఏమీ లేదు. అతను కళ్ళు తెరిచి ఆమె ముక్కును అంత దగ్గరగా చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

“మరి ఎందుకు పడ్డారు?” అంది ఆమె. ఆమె గొంతులో ఈసారి అనుమానం కంటే భయం ఎక్కువ ఉంది.

దానికి సమాధానం చెప్పే మహానుభావుల కొరత ఈ భూమ్మీద ఎప్పుడూ లేదు. మొదట ఆమె తమ్ముడు దిగాడు. ఫోన్లకు గాజు పలకలు అతికించే కొట్టు అతనిది. ఆ అర్హతతో ఒంట్లోని సమస్త అవయవాల మీదా అభిప్రాయాలున్నాయి.

“గ్యాస్ బావా. పైకి తన్నింది. నాకూ అంతే.”

“నువ్వెప్పుడన్నా పడ్డావురా?”

“పడలేదు. నాది కిందికి పోతుంది.”

మందుల కొట్టువాడు నీరసమన్నాడు. నీరసమనేది రోగం పేరు కాదు. ఎదుటివాడికి ఆలోచించే ఓపిక లేదనడానికి పేరు. అయినా దానికి ఎర్ర టానిక్కు ఉంది, పచ్చ మాత్రలున్నాయి. షుగరు పడిపోయిందేమోనని బావమరిది గ్లూకోజు పొట్లం తెచ్చాడు. రక్తం పరీక్షిస్తే షుగరు నిక్షేపంగా ఉంది. చెవిలో తేడా అని ఎవరో అన్నారు. ఆ తర్వాత రెండంతస్తుల మేడ మీద క్లినిక్ ఉన్న డాక్టరు. లిఫ్టు లేదు. మెట్లెక్కి ఆయాసపడుతున్నవాడి చేతికి వెంటనే పట్టీ చుట్టి, బీపీ ఉందని తేల్చి, తలెత్తకుండానే మాత్ర రాశాడు. “టెన్షన్లు పెట్టుకోకండి,” అని సలహా కూడా ఇచ్చాడు. ఇంతవరకూ ఆ సలహా విని టెన్షను వదిలేసినవాడు ఒక్కడూ లేడు గానీ వైద్యులు దాన్ని రాసివ్వడం మానరు. మాత్ర మొదలెట్టిన నాలుగో రోజు నుంచి జనరల్‌కు మంచం దిగి నిలబడితే కళ్ళముందు నల్లచుక్కలు. పాత జబ్బు అలాగే ఉంది. మీద కొత్తది కొనుక్కొచ్చుకున్నాడు. తలకు స్కానింగు కూడా తీయించారు. బాగానే ఉందన్నారు.

“తలలో ఏమీ లేదంట జనరల్ బావా!” అన్నాడు బావమరిది కాగితం ఊపుతూ.

ఇంతమందిలో ఒక్కడంటే ఒక్కడు, పడేముందు నువ్వేం చేస్తున్నావని అడగలేదు. అడిగితే తెలిసిపోయేది. తెలిసిపోతే ఇంకెవరికీ మాట్లాడే అవకాశం ఉండదు.

మూడోసారి తగ్గింపు ధరల అమ్మకం రోజున. పొద్దుట్నుంచీ కార్లు తెగలేదు. నిమిషానికోసారి మెడ తిరుగుతోంది. గంజి పెట్టిన కాలరు అంచు దవడ కింద కోస్తోంది. చెమటకు గంజి మెత్తబడుతుందేమోనని జనరల్ మధ్యలో వెళ్ళి చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, హుక్కు సరిగా ఉందో లేదో చూసుకొచ్చి మరీ నిలబడ్డాడు. పదకొండున్నరకు ఒక తెల్ల కారు వచ్చింది. మెడ తిప్పాడు, గడ్డమెత్తాడు. చెయ్యి కణత దాకా రాలేదు. గుమ్మం పక్కన ప్రదర్శనకు పెట్టిన గాజుబల్ల మీద పడ్డాడు.

మేనేజరు పరుగున వచ్చి ముందు బల్లను చూశాడు. మూల పగిలింది. ఫోన్ తీసి నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో ఒకదాంట్లో కనుబొమ చీరుకుపోయి రక్తమోడుతున్న జనరల్ కూడా పడ్డాడు. ఫొటో తీసినవాడికి అది ఉద్దేశం కాదు. సామాన్లు మోసే ట్రాలీ ఆటోలో ఒక సేల్స్ అమ్మాయి, డ్రైవరు కలిసి అతన్ని పెద్దాసుపత్రికి చేర్చారు.

కుట్లు వేసింది చదువు పూర్తయి రెండేళ్ళయినా కాని డ్యూటీ డాక్టరు. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కబురంది భార్య, ఆమె వెనక తమ్ముడు వచ్చేసరికి ఐదో కుట్టు ముడివేస్తోంది.

“పడేముందు ఏం చేస్తున్నారు?” అని అడిగింది, దారం కత్తిరిస్తూ.

జనరల్ ఆమెవైపు వింతగా చూశాడు. “నిలబడి ఉన్నానమ్మా. కారొచ్చింది. చూశాను.”

“ఎలా చూశారు?”

“ఇలా,” అని మెడ తిప్పబోయాడు.

“ఆగండాగండి. ఇక్కడ పడకండి, నాకింకా పదిమంది ఉన్నారు. ఇంతకుముందు కూడా పడ్డారా?”

“ఓసారి ఇలాగే తలుపు దగ్గర. ఇంకోసారి గడ్డం గీసుకుంటూ,” అంది భార్య.

“చుట్టూ గది గిర్రున తిరిగిందా, లేక చీకటి కమ్మిందా?”

“తిరగలేదు. కరెంటు పోయినట్టు పోయింది.”

“ఎంతసేపు?”

“నేను గుమ్మం దాటి పెరట్లోకొచ్చి వంగేసరికి కళ్ళు తెరిచారు.”

“కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా? నాలుక కరుచుకున్నారా? లేచాక మాట తడబడిందా?”

అన్నిటికీ లేదనే సమాధానం. డాక్టరు చూపు కుర్చీ మీద పడేసిన కోటు మీద ఆగింది. దాన్ని తెచ్చి అతని మెడకు చుట్టి హుక్కు పెట్టమంది. కాలరు లోపలికి చిటికెనవేలు దూర్చబోయింది. దూరలేదు. “ఇది వేసుకుని రోజంతా నిలబడతారా!” అంది. ఆమె గొంతులో జాలి లేదు, రోగిని వదిలేసి రోగాన్ని పట్టుకున్నవాళ్ళకుండే ఉత్సాహం ఉంది. జాలి చూపినవాళ్ళంతా కలిసి చేయలేని పని ఆ ఉత్సాహం చేసింది.

పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి చూసింది. “ఈ మాత్ర ఎవరు రాశారు? నిలబడితే ఇరవై ఐదు పడిపోతోంది. ఆపేయండి, వారం తర్వాత మళ్ళీ చూద్దాం.” పెద్ద డాక్టరును పిలిచింది. ఆయన మెడకు గొట్టం పెట్టి రెండువైపులా విన్నాడు. రొమ్ముకు తీగలు తగిలించారు. కుడిపక్క దవడ కింద, నాడి కొట్టుకునే చోట, ఆయన రెండు వేళ్ళతో అదిమాడు. తెర మీద ఎగుడుదిగుడుగా పోతున్న గీత ఒక్కసారిగా చదునైపోయింది. భార్య చెయ్యి నోటికి వెళ్ళింది. వేళ్ళు తీశారు. నాలుగున్నర సెకన్ల తర్వాత గీత మళ్ళీ లేచింది.

“చూశారా?” అంది చిన్న డాక్టరు. “మెడకు రెండుపక్కలా రక్తపోటును కనిపెట్టే చోటు ఉంటుంది. దాన్ని నొక్కితే, పోటు పెరిగిపోయిందనుకుని గుండెను నెమ్మదించమంటుంది. అందరికీ కాస్త నెమ్మదిస్తుంది. ఈయనకు ఏకంగా ఆగుతోంది. పెద్దవయసు మగవాళ్ళలో చూస్తుంటాం. బిగుతు కాలరు, గడ్డం గీసుకోవడం, మెడ గట్టిగా తిప్పడం. ఈయన రోజంతా చేసేది అదే.”

“గ్యాస్ కాదా డాక్టరు గారూ?” అన్నాడు బావమరిది.

“కాదు.”

“కొంచెం కూడా కాదా?”

“కాదండీ. కాలరు వదులు చేయండి, మెడతో కాదు, ఒంటితో తిరగండి. అయినా పడితే గుండెకు చిన్న యంత్రం అమర్చాల్సి వస్తుంది. ఇంకోమాట. ఇప్పుడు చూశారు కదా అని ఇంట్లో మెడ నొక్కి పరీక్షలు చేయకండి.” ఆ మాట బావమరిదిని చూసి అంది.

“అయితే తాగుడు కాదన్నమాట,” అంది భార్య.

“తాగుడా? ఎవరన్నారు?”

జనరల్ పైకప్పు వైపు చూస్తున్నాడు. కుట్లు పడిన వైపు కన్ను చెమర్చిందని భార్య అనుకుంది; మందు మంట కూడా కావచ్చు.

డాక్టరు రాసిచ్చిన కాగితంతో, కనుబొమ మీద పట్టీతో, అతను వారం తర్వాత షోరూంకు వెళ్ళాడు. భార్య హుక్కు పీకేసి, కాలరు విప్పి, రెండంగుళాల గుడ్డ కలిపి కుట్టింది. తొమ్మిదిన్నర. అందరూ వరసలో ఉన్నారు. మేనేజరు యంత్రం తీశాడు. జనరల్ దాన్ని అందుకోలేదు, కాగితం ఇచ్చాడు.

మేనేజరు చదివాడు. మళ్ళీ చదివాడు. “హార్టా?” అన్నాడు.

“కాలరు సార్. వదులైతే చాలంది డాక్టరమ్మ. పని చేసుకోవచ్చని అందులోనే ఉంది, చివరి వరస చూడండి. ఒక్కమాట అడుగుతా. ఆ రోజు అందరి ముందూ అడిగారు. ఇప్పుడూ అందరూ ఉన్నారు. తాగలేదని చెప్పండి.”

“సరే, తాగలేదు. దానికేముంది,” అన్నాడు మేనేజరు, వాన పడలేదు అన్నంత తేలిగ్గా. ఆపైన అతని ముఖంలో మానవత్వం పొంగుకొచ్చింది. అంతవరకూ ‘నువ్వు’ అన్న నోటితోనే, “మీరు విశ్రాంతి తీసుకోండి పెద్దాయనా. ఆరోగ్యం ముఖ్యం. రేపు గుమ్మంలో మీకేమైనా అయితే మేం తట్టుకోలేం. మీ మంచికే చెబుతున్నాం,” అన్నాడు. తాగుబోతైతే హెచ్చరించి ఉంచుకోవచ్చు. తాగుబోతు తిట్లకు లొంగుతాడు, సిగ్గుతో వంగుతాడు, నెల జీతంలో కోతకు నోరెత్తడు. గుండె జబ్బువాడు అమ్మకాల వేళ గుమ్మంలో పోతే సోఫాలు కొనేదెవరు? తాగుడన్న అబద్ధం అతని ఉద్యోగాన్ని నిలబెట్టింది. నిజం మూడు నిమిషాల్లో పీకేసింది.

జనరల్ బతిమాలలేదు. కోటు అక్కడే విప్పి కౌంటరు మీద పెట్టి బనీనుతో బయటికి నడిచాడు. అదీ కాస్త నాటకమే. వేషం మీద మోజున్నవాడికి విప్పడం మీద కూడా ఉంటుంది.

ఇంటికి చేరేసరికి భార్య ఇంట్లోని కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

“తీసేశారా?”

“తీసేశారు. తాగలేదని మాత్రం చెప్పాడు.”

ఆమె పెడలు ఆపింది. “ఆ హుక్కు జరిపింది నేనే కదండీ.”

“జరపమంది నేను.”

“మీరు దూకమంటే దూకుతానా? వద్దనాల్సింది.” దారం తెంపి, “వాసన చూసింది కూడా నేనే,” అంది.

ఇప్పటివరకూ ఆ ఇంట్లో క్షమాపణకు దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. జనరల్ అంతకంటే కోరలేదు. ఆమె పక్కనే నేల మీద కూర్చుని, గొంతు మీద చెయ్యి వేయకుండా, తల పైకెత్తకుండా, ఆ పొద్దున షోరూంలో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాడు. ఆమె కుడుతూ వింది. ఒక్కసారి కూడా దగ్గరకు వంగలేదు.

ఇప్పుడతను ఒక పార్సిల్ ఆఫీసులో రసీదులు రాస్తున్నాడు. పై రెండు గుండీలు పెట్టుకోడు. గడ్డం మంగలి చేత గీయించుకుంటాడు, గొంతు మీద మెల్లగా అని ముందే చెబుతాడు. ఎనిమిది నెలలైంది, మళ్ళీ పడలేదు. పడిపోవడం గురించి ఎవరైనా మాటెత్తితే బావమరిది వెంటనే తన మెడ చూపించి నాడి గురించి ఉపన్యసిస్తాడు. గ్యాస్ సంగతి ఎన్నడూ అననట్టే ఉంటాడు.

షోరూం అతనికి ఆఖరి నెల ఇరవై రెండు రోజుల జీతం ఇవ్వాలి. గాజుబల్ల మూల ఖర్చు తేలాక ఇస్తామన్నారు. ఇంకా ఇవ్వలేదు.